కారు గుండెకీ తలుపులున్నాయి

మన గుండెలో రక్తం వచ్చేందుకూ, పోయేందుకూ తలుపులుంటాయనీ, వాటిని కవాటాలంటారనీ చిన్నప్పుడు చదువుకున్నదే. కారు ఇంజనుకీ అంతే. పెట్రోలు కలిసిన గాలి లోపలికి రావడానికొక వాల్వు, పొగ బయటికి పోవడానికొకటి. నాలుగు సిలిండర్ల పాతకారుకి ఎనిమిది వాల్వులు. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే, ఒక్కో వాల్వు సెకనుకి 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది!

"మాకెందుకమ్మా ఈ మెకానిక్కు గోల?" అనకండి. ఈ తలుపుల కథలో మన పిల్లలున్నారు.

1908 నుంచి 1927 దాకా అమెరికాలో తయారైన ఫోర్డు మోడల్ టీ కారులో వాల్వులు సిలిండరు పక్కన తలలు పైకెత్తుకుని నిలబడేవి. దాన్నే సైడ్ వాల్వు ఇంజనంటారు. మన అంబాసిడరు కూడా 1957లో అలాంటి ఇంజనుతోనే పుట్టింది. 1959లో కొత్త ఇంజను వచ్చి, వాల్వులు సిలిండరు నెత్తికెక్కాయి. బానెట్టెత్తి, పైనున్న రేకుమూత విప్పితే వాటిని నొక్కే రాకర్లు వరసగా కనిపించేవి.

వాటికి సేవ కూడా ఎక్కువే. హెడ్డు దించాలి, వాల్వులు తీసి మసి గీకాలి. వాల్వు అంచుకి గరుకు పేస్టు రాసి, రబ్బరు కప్పున్న కర్రని దాని తలకి అంటించి, రెండరచేతుల మధ్య పప్పుగుత్తి తిప్పినట్టు తిప్పాలి. అంచు చుట్టూ తెగకుండా బూడిదరంగు వలయం కనిపిస్తే, తలుపు సరిగ్గా పడుతున్నట్టు లెక్క.

ఇక అసలు కథ. ఇంజను టకటకా కొట్టుకోకుండా ఉండాలని 1921లో థామస్ మిడ్‌గ్లీ పెట్రోలులో సీసం కలిపే ఉపాయం కనిపెట్టాడు. 1923లో అమ్మకాలు మొదలయ్యాయి. ఆ మరుసటి ఏడే న్యూజెర్సీలో ఆ సరుకు తయారుచేసే చోట అయిదుగురు పనివాళ్లు విషమెక్కి చనిపోయారు. అయినా వ్యాపారం ఆగలేదు. పైగా ఆ సీసం వాల్వు సీటు మీద పల్చటి పొరలా పేరుకుని, మెత్తటి ఇనుము అరగకుండా కాపాడింది కూడా!

కానీ పొగలో పోయిన సీసం ఎక్కడికి పోతుంది? వీధి దుమ్ములోకీ, ఆ దుమ్ములో ఆడుకునే పిల్లల నోట్లోకీ. అది మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. భూమి వయసు 455 కోట్ల సంవత్సరాలని లెక్కకట్టిన క్లేర్ ప్యాటర్సన్, తన ప్రయోగశాలలో ఎటు చూసినా సీసమే కనిపించడంతో, 1965 నుంచీ దానిమీద గొంతెత్తాడు. మనదేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం పెట్రోలు ఆగింది. ఆఖరున 2021లో అల్జీరియా కూడా వదిలేసింది.

సీసం పోయాక పాతకార్లకి చిక్కొచ్చింది. మెత్తటి సీటు అరిగి, వాల్వు కొంచెం కొంచెంగా హెడ్డులోకి దిగబడిపోతుంది. రాకరుకీ దానికీ మధ్య ఉండాల్సిన సందు మూసుకుపోతుంది. అప్పుడు టిక్కు టిక్కు చప్పుడు తగ్గుతుంది. కారు నెమ్మదించిందని మురిసిపోకూడదు సుమండీ! తలుపు పూర్తిగా మూతపడక, వాల్వు అంచు కాలిపోతుంది. హెడ్డు తొలిపించి, గట్టి ఉక్కు సీట్లు బిగించడమే దానికి మందు. ఖర్చవుతుంది, నిజమే.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. కారు సీటు అరిగితే కొత్తది వేయించుకోవచ్చు. పిల్లల మెదడుకి స్పేరుపార్టులు ఏ షాపులో దొరుకుతాయి చెప్పండి?