#ఎన్/ఏ రాని షీటు

గవర్నర్‌పేటలో ఆడిటర్ ఆఫీసు, మూడో అంతస్తు. లిఫ్టు ఉంది గానీ నడవదు, మెట్లెక్కే రావాలి. మార్చి 19, రాత్రి ఎనిమిదిన్నర. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి రండి. ఎడమ గోడ పొడుగునా పార్టీల, అంటే క్లయింట్ల, ఫైళ్లు. కిటికీ పక్కన రెండు మానిటర్ల ముందు, ఆర్టికల్స్, అంటే సీఏ శిక్షణ, చేస్తున్న అమ్మాయి. ఆమె పక్కన ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగానే ఉంది, కూర్చోండి. ఆమె మీవైపు చూడదు. రేపు 20వ తేదీ, ఫిబ్రవరి నెల జీఎస్టీ 3బి రిటర్ను వేయడానికి ఆఖరు రోజు.

పార్టీ మందుల హోల్‌సేల్ వ్యాపారి. ఎడమ మానిటర్ మీద ఆయన కొనుగోళ్ల రిజిస్టరు, ఏప్రిల్ నుంచి ఇప్పటిదాకా. కుడి మానిటర్ మీద 2బి. అమ్మినవాళ్లు తమ రిటర్నుల్లో చూపించిన బిల్లులన్నీ పోగేసి ప్రతినెలా 14న పోర్టల్ ఇచ్చే పట్టిక అది. మన పుస్తకంలో బిల్లు ఉంటే చాలదు, అవతలివాడు కూడా చూపించి ఉండాలి. 2022 జనవరి 1 నుంచి 2బిలో లేని బిల్లుకు ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును తగ్గించుకునే వీలు, లేదు. లేనిది ఉందని తీసుకుని వాడేసుకుంటే 18 శాతం వడ్డీ. అందుకే ఈ రెండు పట్టికలనూ బిల్లు బిల్లుకీ కలపాలి.

లోపలి గదిలోంచి ఆడిటర్ గారు వచ్చారు. కళ్లద్దాలు నుదుటి మీద ఉన్నాయి.

"ఏమ్మా, ఎంతవరకు వచ్చింది?"

"అన్నీ కలిసినట్టే ఉన్నాయి సార్. ఒక్క ఎర్రరూ లేదు."

"ఒక్కటీ లేదా?" ఆయన ఇంకో కుర్చీ లాక్కున్నారు. "ఏదీ, ఫార్ములా చూపించు."

మీరూ కాస్త ముందుకు వంగి చూడండి. షీటు ఈ అమ్మాయి చేసింది కాదు. నిరుడు మానేసి వెళ్లిన కుర్రాడు తయారు చేస్తే, అప్పటినుంచి నెల నెలా డేటా మార్చి వాడుతున్నారు. సెల్ మీద క్లిక్ చేస్తే పైన బార్‌లో ఫార్ములా కనిపించింది: ఇఫ్ఎర్రర్, లోపల వీలుకప్, చివర కామా, సున్నా. బిల్లు 2బిలో దొరికితే పన్ను మొత్తం ఇస్తుంది, దొరకకపోతే సున్నా వేస్తుంది. పక్క కాలమ్‌లో ఆ బిల్లు ఏ నెల 2బిలో వచ్చిందో చూపించే ఇంకో వీలుకప్. ఆడిటర్ గారు వేలితో తెర మీద తట్టారు.

"ఇక్కడ పన్ను సున్నా. నెల మాత్రం జులై అంటోంది. బిల్లు రాకుండా జులైలో ఎలా వచ్చింది?"

ఆమె రెండో ఫార్ములాలోకి వెళ్లింది. దేన్ని వెతకాలి, ఎక్కడ వెతకాలి, ఎన్నో కాలమ్ ఇవ్వాలి... అంతే, మూడు దగ్గరే ఆగిపోయింది. నాలుగోది రాయలేదు. వీలుకప్‌కు నాలుగోది చెప్పకపోతే అచ్చంగా అదే కావాలని అనుకోదు, దగ్గరగా ఉన్నది చాలనుకుంటుంది. పట్టిక వరసక్రమంలో ఉందనే నమ్మకంతో సగానికి సగం దూకుతూ వెళ్లి, ఎక్కడ ఆగితే అక్కడిది తెచ్చిపెడుతుంది. ఈ పట్టిక వరసలో లేదు. అంటే ఆ కాలమ్‌లో ఉన్న నెలల్లో చాలావరకు ఎవరి నెలలో తెలియదు.

నన్నడిగితే ఎక్సెల్‌లో #ఎన్/ఏ అంత నిజాయతీ గల మాట ఇంకోటి లేదు. దొరకలేదు అంటుంది, ఊరుకుంటుంది. షీటు అందంగా ఉండాలని దాన్ని సున్నా కిందకి మార్చేవాళ్లను చూస్తే నాకు భయం.

ఆమె రెండు కాలమ్‌లూ కొట్టేసి కొత్తగా మొదలుపెట్టింది. ముందు కీ తయారు చేయాలి: అమ్మిన పార్టీ జీఎస్టీ నంబరు, ఒక నిలువు గీత, బిల్లు నంబరు, మూడూ కలిపి ఒకే సెల్‌లో. అదే కీ 2బి షీటులోనూ. తర్వాత ఎక్స్‌లుకప్. ఇది అచ్చంగా సరిపోయేదాన్నే వెతుకుతుంది, విడిగా చెప్పనక్కర్లేదు. ఇఫ్ఎర్రర్ పెట్టలేదు. ఎంటర్ కొట్టి, సెల్ మూల పట్టుకుని డబుల్ క్లిక్ చేసింది.

షీటు నిండా అక్కడక్కడా #ఎన్/ఏలు మొలిచాయి. "హమ్మయ్య," అన్నారు ఆడిటర్ గారు.

మొదటి గుంపు ఒకే కంపెనీ బిల్లులు. కళ్లతో చూస్తే రెండు షీట్లలోనూ ఒకటే నంబరు, 37తో మొదలై, అక్షరం పొల్లు పోకుండా. ఆమె ఖాళీ సెల్‌లో ఇదీ అదీ సమానమా అని రాసి, ఫార్ములా బార్‌లో ఆ ముక్కను మాత్రం మౌస్‌తో నల్లబరిచి ఎఫ్9 కొట్టింది. ఫార్ములాలో ఆ ముక్క ఉన్నచోట ఫాల్స్ అని వచ్చింది. ఎస్కేప్ కొట్టింది. ఇది మరిచిపోకూడదు. ఎంటర్ కొడితే ఆ ఫాల్స్ అక్కడే అచ్చయిపోతుంది, ఫార్ములా పోతుంది.

తర్వాత లెన్ పెట్టి పొడవు కొలిచింది. 2బిలో 15, రిజిస్టరులో 16. జీఎస్టీ నంబరుకు 15 అక్షరాలే: రెండు రాష్ట్రం కోడ్, పది పాన్, మిగతా మూడు. పదహారోది కంటికి కనపడటం లేదు.

"స్పేస్ అయ్యుంటుంది, ట్రిమ్ కొట్టు."

కొట్టింది. ఇంకా 16 అనే అంటోంది. అప్పుడామె కుడివైపు చివరి అక్షరం తీసి దాని కోడ్ అడిగింది: 160. మామూలు స్పేస్ అయితే 32 రావాలి. ట్రిమ్‌కు తెలిసింది ఆ 32 ఒక్కటే. 160 వెబ్ పేజీల్లో వాడే విడదీయరాని స్పేస్. షాపులో ఎవరో పార్టీ నంబరును ఏదో పేజీలోంచి కాపీ చేసి మాస్టర్ జాబితాలో పెట్టినప్పుడు తోకలా వెంట వచ్చింది. సబ్‌స్టిట్యూట్‌తో క్యార్ 160ని ఖాళీగా మార్చి, దాని మీద ట్రిమ్ పెట్టింది. ఆ గుంపు మొత్తం ఒక్కసారిగా కలిసింది.

రెండో గుంపు దగ్గర కాస్త ఆగండి, ఇది తమాషాగా ఉంటుంది. అట్టపెట్టెలు సప్లై చేసే చిన్న వ్యాపారి. ఆయన బిల్లు నంబర్లు 1/25, 2/25, 3/25 ఇలా నడుస్తాయి. పదమూడో బిల్లు నుంచి అన్నీ కలిశాయి. మొదటి పన్నెండూ కలవలేదు.

"పన్నెండు దాకానే పోయాయేంటి సార్?" అంటూనే ఆమె నవ్వింది. జవాబు ఆమెకు తట్టేసింది.

సంవత్సరానికి నెలలు పన్నెండే. రిజిస్టరును షాపువాళ్లు సీఎస్వీ ఫైలుగా పంపారు. దాన్ని డబుల్ క్లిక్ చేసి తెరిచారు. 3/25 అనేది చూసి ఎక్సెల్ మార్చి 2025 అనుకుంది. 13/25కు పదమూడో నెల లేదు కనుక దాని జోలికి పోలేదు. సెల్‌ను టెక్స్ట్‌గా మార్చినా 3/25 తిరిగి రాదు, 45717 వస్తుంది. 1900 జనవరి 1ని ఒకటిగా లెక్కపెట్టుకుంటూ పోతే 2025 మార్చి 1కి ఎక్సెల్ ఇచ్చే అంకె అది. అసలు బిల్లు నంబరు ఆ సెల్‌లో ఇక లేదు. ఆమె ఫైలు మూసేసి, డేటా మెనూలోంచి సీఎస్వీని మళ్లీ లోపలికి లాగి, లోడ్ అయ్యేముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్ అని చెప్పింది. పన్నెండూ వచ్చాయి.

ఈ బాధ మన గుమాస్తాలకే కాదు. మార్చ్1, సెప్ట్1 అనే పేర్లున్న మానవ జన్యువులు ఎక్సెల్‌లో పడి తేదీలైపోతుంటే, పేర్లు పెట్టే కమిటీ 2020 నాటికి ఆ జన్యువుల పేర్లే మార్చేసింది. సాఫ్ట్‌వేర్‌లో ఈ మార్పిడిని ఆపుకునే మీట మాత్రం 2023లో గానీ రాలేదు.

ఆ పన్నెండు బిల్లుల మీద క్రెడిట్ ఇన్నాళ్లూ తీసుకోలేదు. ఇఫ్ఎర్రర్ సున్నా వేస్తోంది, పక్కన ఏదో నెల కనిపిస్తోంది, ఎప్పుడో తీసుకున్నారనుకుని అందరూ దాటుకుంటూ వచ్చారు. "పోలేదులే," అన్నారు ఆడిటర్ గారు. "వచ్చే నవంబరు 30 దాకా టైముంది, అదీ వార్షిక రిటర్ను ఈలోపు వేయకపోతే. ఈ నెలలోనే తీసుకుందాం."

ఇక మ్యాక్రో. షాపు ఇచ్చే రిజిస్టరులో ఒక్కో మందుకు ఒక్కో లైను ఉంటుంది. బిల్లువారీగా కూడి ఇవ్వడానికి షీటు మీద ఒక బటన్. నొక్కింది. రన్‌టైమ్ ఎర్రర్ 6, ఓవర్‌ఫ్లో.

"పోయిన నెల పనిచేసింది సార్!"

డీబగ్ నొక్కితే ఎడిటర్ తెరుచుకుంది. చివరి వరస నంబరు పట్టుకునే లైను పసుపురంగులో ఉంది. దానిపైన ఆ వేరియబుల్ రకం ఇంటీజర్ అని రాసి ఉంది. ఇంటీజర్‌లో 32,767 దాటి పట్టదు. కొనుగోళ్ల లైన్లు ఈ నెలే 33 వేలు దాటాయి. 1993లో ఎక్సెల్‌లోకి మ్యాక్రోలు రాసే వీబీఏ భాష వచ్చిన రోజుల్లో షీటులో ఉన్నవే 16,384 వరసలు, ఇంటీజర్ బోలెడు. ఇప్పుడు 10,48,576. ఇంటీజర్ కొట్టేసి లాంగ్ అని రాసింది, లూప్ నడిపే వేరియబుల్‌కు కూడా. బటన్ నొక్కింది. తెర మీద చక్రం కాసేపు తిరిగి, పూర్తయింది అని బాక్స్ వచ్చింది.

ఆమె మొత్తాన్ని లెడ్జరుతో పోల్చింది. మ్యాక్రో చెప్పిన పన్ను రూ. 4,212.60 ఎక్కువ.

ఆడిటర్ గారు కాగితం అందుకున్నారు. చేత్తో లెడ్జర్లు రాసిన తరం. తేడాను తొమ్మిదితో భాగించారు. నిశ్శేషంగా తెగితే ఎక్కడో అంకెలు తారుమారయ్యాయని అనుమానించవచ్చు. తెగలేదు. సగం చేశారు, జమ ఖర్చుల్లో పడిందేమో చూద్దామని. 2,106.30, అలాంటి ఎంట్రీ లేదు. "నీ మెషీన్‌నే అడుగు," అని కాగితం పక్కన పెట్టేశారు.

ఆమె కోడ్‌ను పైనుంచి చదువుతోంది. లూప్‌కు సరిగ్గా పైన, ఒక్క లైను: ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్. తప్పొస్తే చెప్పకు, తర్వాతి లైనుకు వెళ్లిపో. ఇందాకటి ఓవర్‌ఫ్లో దీనికంటే పై లైనులో వచ్చింది కాబట్టి బయటపడింది. దీని కింద ఏం జరిగినా బయటకు రాదు. ఆమె ఆ లైను ముందు ఒక కొటేషన్ గుర్తు పెట్టి పక్కకు తప్పించి, ఎఫ్5 కొట్టింది.

ఎర్రర్ 13, టైప్ మిస్‌మ్యాచ్. పన్ను అంకెను తీసుకునే లైను పసుపుగా మారింది. మౌస్ దానిమీద ఆపింది. చిన్న పెట్టెలో నిల్ అని కనిపించింది.

"నిల్లా?"

కింద ఇమీడియట్ విండోలో ప్రశ్న గుర్తు, వరస వేరియబుల్ పేరు కొట్టింది. నంబరు వచ్చింది. షీటులో ఆ వరసకు వెళ్లారు. పది స్ట్రిప్పులకు ఒకటి ఫ్రీ స్కీము. ఫ్రీ సరుకు లైన్లు వరసగా మూడు, పన్ను కాలమ్‌లో అంకెకు బదులు నిల్. ఫిబ్రవరిలో షాపువాళ్లు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మార్చారు. పాతది ఇలాంటిచోట సున్నా రాసేది.

నిల్‌ను అంకెగా మార్చబోతే తప్పొస్తుంది. తప్పొచ్చిందని చెప్పకుండా దాటేస్తే ఆ వేరియబుల్‌లో ఏముంటుంది? పై లైనులో ఉన్నదే. దాని పన్ను 1,404.20. మూడు నిల్లులకు మూడుసార్లు అదే మళ్లీ కూడింది. ఆడిటర్ గారు కాగితం మీద హెచ్చించి చూశారు. 4,212.60.

"వీడెవడమ్మా, తప్పును దాచడమే కాకుండా మూడు రెట్లు చేశాడు!"

ఇంగ్లండ్‌లో 2020 శరదృతువులో ఇలాంటి మౌనమే పెద్ద ఎత్తున నడిచింది. కరోనా పరీక్షల ఫలితాలను పాత ఎక్సెల్ ఫైలు రూపంలో పోస్తుంటే, 65,536 వరసల తర్వాత పట్టనివి రాలిపోయాయి. 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలోకి ఎక్కలేదు.

ఆమె ఆ రెజ్యూమ్ నెక్స్ట్ లైనును పూర్తిగా చెరిపేసింది. బదులుగా, అంకె అయితేనే తీసుకో, కాకపోతే ఆ వరసకు ఎర్రరంగు వేసి సున్నాగా లెక్కపెట్టు అని మూడు లైన్లు రాసింది. మాడ్యూల్ పైన ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్ కూడా చేర్చింది. అది ఉంటే వేరియబుల్ పేరులో ఒక్క అక్షరం తప్పు పడినా కోడ్ నడవదు. మళ్లీ బటన్. లెడ్జరుతో పైసాతో సహా కలిసింది.

కలిసినా తేడా కాలమ్ కొన్ని బిల్లులకు ఇంకా తేడా ఉంది అనే అంటోంది. అటూ ఇటూ ఒకే అంకె, తీసివేస్తే 0.00. ఆమె దశాంశాలు పెంచుకుంటూ పోతే ఎక్కడో పదకొండో స్థానంలో ఒక అంకె తగిలింది. పది పైసలను సున్నా, ఒకటి అనే రెండే అంకెల లెక్కలో పూర్తిగా పట్టలేని యంత్రం అది, కూడగా కూడగా పొట్టు మిగులుతుంది. రౌండ్, రెండు దశాంశాలు. మాయమైంది.

పదిన్నర. షీటులో #ఎన్/ఏలు రెండే మిగిలాయి. ఒకే పార్టీవి, రెండూ ఫిబ్రవరి బిల్లులు. లెన్ సరిగ్గా ఉంది, కోడ్ సరిగ్గా ఉంది, తేదీ కాలేదు. 2బిలో జీఎస్టీ నంబరు ఒక్కటే పెట్టి వెతికింది. ఆ పార్టీ బిల్లులు జనవరితో ఆగిపోయాయి.

ఆడిటర్ గారు మందుల వ్యాపారికి ఫోన్ చేశారు. అవతలి గొంతు మీకూ వినపడుతూనే ఉంది.

"బిల్లు మన దగ్గరుంది కదండీ! డబ్బు కూడా ఇచ్చేశాం."

"ఇచ్చారండీ, కాదనట్లేదు. వాళ్లు రిటర్ను వేయలేదు. ఆ రెండు బిల్లుల క్రెడిట్ ఈ నెల రాదు. తర్వాతి బిల్లు డబ్బులిచ్చేటప్పుడు ఆ పన్ను మేరకు ఆపండి, వాళ్లే వేస్తారు."

"ఆపుతా. పొద్దున్నే ఫోన్ కూడా చేస్తా. మరి నేనెంత కట్టాలి?"

ఆమె అప్పటికే పోర్టల్ తెరిచి, 4(ఎ)(5) గడిలో మొత్తం కొట్టి, షీటులోని అంకెతో వేలు పెట్టి సరిచూస్తోంది.

"చలాన్ పొద్దున పంపిస్తానండీ," అని ఆయన ఫోన్ పెట్టేశారు. "ఏమ్మా, ఆ పాత ఫైలు ఇంకా ఎన్ని పార్టీలకు వాడుతున్నాం?"

"ఫోల్డర్లు చూడాలి సార్."

"ఇప్పుడే చూడు."