ఎక్కుపెట్టిన విల్లు: వీడియో గేములు, క్రైస్తవ నీతి – ఒక పరిశీలన

వీడియో గేములు ఆడడం పాపమా, కాదా? ఈ ప్రశ్న యౌవనస్థుల కూటాల్లో పిల్లల నోట వినబడుతుంది. సంఘకాపరి దగ్గరకు తల్లిదండ్రుల ఆందోళనగా వస్తుంది. జవాబులు సాధారణంగా రెండు కొసల్లో ఉంటాయి. అది సాతాను ఉచ్చు అనేది ఒక కొస; ఆటే కదా, పోనిమ్మనేది రెండో కొస. ఈ రెండింటికీ ఆధార బలం ఎంత ఉందో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. పసివాడి మనస్సాక్షి మీద పాపమనే భారం మోపేముందు ఆ భారానికి ఆధారం ఉందో లేదో చూడడం పెద్దల బాధ్యత. ఉన్న ప్రమాదాన్ని చిన్నదిగా చూపకపోవడమూ వారి బాధ్యతే.

ముందుగా రెండు జాగ్రత్తలు. ఒకటి, క్రైస్తవ నీతి అన్ని సంఘాలూ ఒప్పుకున్న ఒకే శిక్షాస్మృతి కాదు. ఇక్కడ పరిశీలించిన పాత ఆధారాల్లో ఎక్కువ భాగం పాశ్చాత్య సంఘం కతోలిక, ప్రొటెస్టంటు శాఖలుగా చీలడానికి ముందువి. రెండు, వీడియో గేము అన్న మాట కింద చదరంగం, వ్యవసాయం ఆట, తుపాకుల పోరు, డబ్బు పెట్టి ఆడే రమ్మీ అన్నీ ఇమిడిపోతున్నాయి. ఇన్నింటికీ ఒకే తీర్పు చెప్పే వాదన ఏదైనా అనుమానించదగినదే.

1. లేఖనాల సాక్ష్యం

ఆటను ఆటగా నిషేధించిన వాక్యం బైబిల్లో కనబడదు. పైగా జెకర్యా గ్రంథం 8వ అధ్యాయంలో, దేవుడు బాగుచేసిన యెరూషలేము వీధుల నిండా బాలబాలికలు ఆడుకుంటూ ఉంటారన్న చిత్రం శుభసూచకంగానే వస్తుంది. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయంలో పరుగుపందెం, ముష్టియుద్ధం ఆత్మీయ శ్రమకు ఉపమానాలయ్యాయి. ఉపమానంగా వాడినంత మాత్రాన ఆ క్రీడలను ఆయన ఆమోదించినట్టు తేల్చలేము. నిందించలేదని మాత్రం చెప్పవచ్చు.

అదే పత్రిక 6, 10 అధ్యాయాల్లో ఆయన ఇచ్చిన కొలమానం ఈ చర్చకు మరింత దగ్గరిది. అనుమతి ఉన్నదల్లా మేలు చేయదు, అనుమతి ఉన్నదానికైనా మనిషి బానిస కాకూడదు అన్నది దాని సారాంశం. అంటే లేఖనం ఇక్కడ అందిస్తున్నది నిషేధాల జాబితా కాదు, పరీక్షించే పద్ధతి.

2. ఎల్విరా సభ నిర్ణయం

ఆటకు సంఘం శిక్ష విధించిన తొలి ఆధారాల్లో ఒకటి స్పెయిన్‌లో, నేటి గ్రనాడా సమీపంలో జరిగిన ఎల్విరా సభది. దాని తేదీపై ఏకాభిప్రాయం లేదు. సుమారు 300 నుంచి 314 మధ్య వేర్వేరు సంవత్సరాలు సూచించారు. 305–306 అన్నది ఎక్కువమంది మొగ్గే కాలం. సభ పేరిట 81 నిబంధనలు ఉన్నాయి. అవన్నీ ఒకే సభవి కాకపోవచ్చన్న వాదన కూడా ఉంది.

79వ నిబంధన ప్రకారం డబ్బు పెట్టి పాచికలాడిన విశ్వాసిని ప్రభువు బల్లకు దూరంగా ఉంచాలి. మానుకుంటే ఏడాది తర్వాత తిరిగి చేర్చుకోవచ్చు. నిషేధానికి కారణం ఏమిటన్న దగ్గర వ్యాఖ్యాతలు విడిపోయారు.

(అ) పందెం, దాని వెంట వచ్చే నష్టమే కారణమని కొందరు.

(ఆ) ఆనాటి పాచికల మీద దేవతల బొమ్మలు ఉండేవనీ, ఆటగాళ్లు ఆ పేర్లు పిలిచేవారనీ, అందువల్ల విగ్రహారాధనే అసలు కారణమనీ మరికొందరు.

ఏ వివరణ సరైనదైనా ఒక విషయం నిలుస్తుంది. దోషం ఆటలో ఉందని కాక, ఆటతో అంటుకుని వచ్చిన మరొకదానిలో ఉందని ఇరుపక్షాలూ అంగీకరిస్తున్నాయి. తెలుగులో ఆట, జూదం అన్న మాటలు వేరువేరుగా ఉండడం వల్ల ఈ తేడా మనకు సులభంగానే అందుతుంది.

3. ఫ్లారెన్సు బిషప్పు చదరంగం

కొత్త ఆటకు పాత నిషేధం వర్తిస్తుందా అన్నది నేటి ప్రశ్న మాత్రమే కాదు. 1060ల తొలినాళ్లలో కార్డినల్ పీటర్ డేమియన్ రాసిన ఒక లేఖలో ఫ్లారెన్సు బిషప్పు బసలో చదరంగం ఆడిన ఉదంతం ఉంది. పాచికలు వేరు, చదరంగం వేరు, నిషేధం మొదటిదానికే అని బిషప్పు వాదించాడు. నిషేధంలోని పాచికలన్న ఒక్క మాట కిందికే రెండూ వస్తాయని డేమియన్ ఖండించాడు. చివరకు బిషప్పు తప్పు ఒప్పుకున్నాడు. కీర్తనల గ్రంథం మూడుసార్లు పఠించడం, పన్నెండుమంది పేదల పాదాలు కడిగి దానమివ్వడం ప్రాయశ్చిత్తమయ్యాయి.

ఈ సాక్ష్యాన్ని రెండు కారణాల వల్ల జాగ్రత్తగా తూచాలి. మొదట, బిషప్పు వాదన ఆయన ప్రత్యర్థి కలం ద్వారానే మనకు చేరింది. రెండోది, అప్పట్లో చదరంగాన్ని కొన్నిచోట్ల పాచికలతో కూడా ఆడేవారని చరిత్రకారులు అంటారు. ఆయన ఆడినది ఏ రీతిదో లేఖ స్పష్టం చేయదు.

తర్వాతి చరిత్ర మాత్రం బిషప్పు పక్షానికే మొగ్గినట్టుంది. 1560లలో స్పెయిన్ సన్యాసిని ఆవిలా తెరేసా తన ‘పరిపూర్ణతా మార్గం’ తొలి ప్రతిలో ప్రార్థన జీవితాన్ని వివరించడానికి చదరంగాన్నే ఉపమానంగా తీసుకుంది. రెండో ప్రతిలో ఆ భాగాన్ని తొలగించింది. తొలగింపు వెనుక సంకోచం ఉండి ఉండవచ్చు, లేదా కూర్పు సౌలభ్యమే కావచ్చు. ఐదు శతాబ్దాల్లో ఒక ఆట ప్రాయశ్చిత్తం నుంచి ప్రార్థన పాఠం దాకా నడిచి వచ్చిందన్నది స్పష్టం.

4. విల్లు కథ: మూలాలు, పాఠభేదాలు

ఆటను సమర్థించే క్రైస్తవ రచనల్లో తరచు కనిపించే కథ ఒకటుంది. అపొస్తలుడైన యోహాను వినోదంగా కాలం గడుపుతుంటే చూసినవారు నొచ్చుకున్నారట. ఎప్పుడూ ఎక్కుపెట్టి ఉంచితే విల్లు ఏమవుతుందని ఆయన ఒక విలుకానిని అడిగాడట, విరిగిపోతుందన్నది జవాబు. ఈ కథకు చారిత్రక ఆధారం ఎంత?

(అ) 13వ శతాబ్దంలో, బహుశా 1271–72లో, వేదాంతి థామస్ అక్వినాస్ తన ‘సుమ్మా’ రెండో భాగంలో ఈ కథ చెప్పాడు. అక్కడ యోహాను శిష్యులతో ఆడుకుంటున్నాడు. తన మూలం ప్రాచీన సన్యాసుల ‘సంభాషణలు’ అని ఆయనే పేర్కొన్నాడు.

(ఆ) ఆ మూలం, అంటే 420ల నాటి జాన్ కాసియన్ రచన, తెరిచి చూస్తే యోహాను చేతిలో ఒక కౌజుపిట్ట ఉంది. దాన్ని ఆయన నిమురుతున్నాడు. విల్లు పట్టుకు వచ్చినవాడు వేటగాడి వేషంలో ఉన్న తత్వవేత్త. అంటే 850 ఏళ్ల ప్రయాణంలో ఎక్కడో పిట్ట ఎగిరిపోయి, దాని చోటికి శిష్యులు వచ్చారు.

(ఇ) ఇంకా వెనక్కి వెళితే, ‘యోహాను కార్యములు’ అనే ప్రామాణికం కాని గ్రంథపు ఒక ప్రతిలో పిట్ట ఉంది, నొచ్చుకున్న వృద్ధుడు ఉన్నాడు. విల్లు మాత్రం లేదు.

(ఈ) విల్లు ఉపమానం క్రైస్తవానికి పూర్వమే ఉంది. క్రీ.పూ. 5వ శతాబ్దపు హెరొడోటస్ దాన్ని ఈజిప్టు రాజు అమాసిస్ నోట పలికించాడు. క్రీ.శ. 1వ శతాబ్దపు లాటిన్ కవి ఫీడ్రస్, పిల్లలతో ఆడుతున్న ఈసపును చూసి నవ్విన ఒక ఏథెన్సువాసికి ఈసపు చేతనే ఈ జవాబు చెప్పించాడు.

వీటిని బట్టి ఇది యోహాను జీవితంలో నిజంగా జరిగిందని చెప్పడానికి ఆధారం చాలదు. అన్యుల నీతికథ ఒకటి, పిట్ట కథ ఒకటి ఎక్కడో కలిసిపోయి ఉండవచ్చు. అయినా ఆ సమ్మేళనాన్ని సన్యాసులు దాచుకోవడం, అక్వినాస్ దాన్ని ఆధారంగా చూపడం విలువైన సాక్ష్యమే. యోహాను గురించి కాకపోయినా, ఆటవిడుపు పట్ల సంఘ మనస్సును గురించి అది చెబుతుంది.

ఈ కథ పరిమితి కూడా గమనించాలి. నారి సడలించేది మళ్లీ బిగించడానికే. ఎప్పటికీ సడలించి ఉంచే విల్లును ఈ కథ సమర్థించదు.

5. అక్వినాస్ మూడు షరతులు

అదే చోట అక్వినాస్ ఆటకు మూడు షరతులు పెట్టాడు. అసభ్యమైన లేదా హాని చేసే పనుల్లో, మాటల్లో వినోదం వెతకరాదు. మనసు పట్టు పూర్తిగా తప్పరాదు. ఆట మనిషికి, వేళకు, చోటుకు తగినదై ఉండాలి. మితిమీరితే దోషమన్నాడు. తర్వాత వినోదమన్నదే ఎరుగకపోవడం, పక్కవాడి సరదాకు అడ్డుపడడం కూడా దోషమే అన్నాడు. అయితే అది మొదటిదానికన్నా చిన్నదని తూచి చెప్పాడు. ఈ మూడు షరతుల్లో మొదటిది హింసనూ, మిగిలిన రెండూ కాలాన్నీ డబ్బునూ తాకుతాయి.

6. హింస: పాత సాక్ష్యం, కొత్త కొలతలు

197–202 ప్రాంతంలో క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ బహిరంగ ప్రదర్శనలను ఖండించాడు. 397–400 మధ్య రాసిన ‘ఒప్పుకోలు’ ఆరో పుస్తకంలో అగస్టీన్ తన మిత్రుడు అలిపియస్ సంగతి చెప్పాడు. మిత్రుల బలవంతం మీద మల్లుల ప్రాణాంతక పోరాటానికి వెళ్లిన అలిపియస్ కళ్లు మూసుకునే కూర్చున్నాడు. జనం హోరుకు కళ్లు తెరిచాడు. ఆ క్షణం నుంచి అందులో మునిగిపోయాడు.

ఈ ఉదంతాన్ని వీడియో గేములకు నేరుగా అన్వయించడం తొందరపాటు. అక్కడ నిజంగా మనుషులు చచ్చారు, తెర మీద ఎవరూ చావరు. కానీ అలిపియస్ ప్రేక్షకుడు మాత్రమే, గేములో మీట నొక్కేది ఆటగాడి వేలే. మొదటి తేడా గేముకు అనుకూలం, రెండోది ప్రతికూలం. కొండమీది ప్రసంగం హత్యతో ఆగక కోపం దాకా వెళ్లింది గనుక, ఎవరూ చావలేదన్న సమాధానం ఒక్కటే చాలదు. అలాగే బొమ్మను కాల్చడమంటే మనిషిని ద్వేషించడమేనన్నదీ రుజువైన మాట కాదు.

ఆధునిక అధ్యయనాలూ ఒకే దిక్కు చూపవు.

(అ) 2010లో క్రెయిగ్ ఆండర్సన్ బృందం అనేక పరిశోధనలను కలిపి విశ్లేషించి, హింసాత్మక గేములకూ దూకుడుకూ సంబంధం ఉందన్నది.

(ఆ) 2019లో ప్రిజిబిల్స్కీ, వైన్‌స్టైన్‌లు 14–15 ఏళ్ల బ్రిటిష్ పిల్లలు 1,004 మందిని పరిశీలించి, అలాంటి సంబంధం కనబడలేదన్నారు. విశ్లేషణ పద్ధతిని ముందే నమోదు చేయడం, దూకుడును తల్లిదండ్రులు లేదా సంరక్షకుల అంచనాతో కొలవడం ఈ అధ్యయన విశేషాలు.

(ఇ) అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020 తీర్మానం మధ్యస్థంగా ఉంది. అరవడం, నెట్టడం వంటి దూకుడుతో చిన్నపాటి సంబంధాన్ని అంగీకరిస్తూనే, ఘోర హింసకు గేములే కారణమనడానికి ఆధారం చాలదని చెప్పింది.

కాబట్టి గేములు పిల్లలను హంతకులుగా మారుస్తాయని వేదిక మీద నుంచి చెప్పడం ఆధారాన్ని మించిన మాట. సత్యం పలకమన్న ఆజ్ఞ బోధకుడికి కూడా వర్తిస్తుంది.

7. సంఘాల ఇటీవలి వైఖరి

2007 జనవరి 24 తేదీ వేసిన సమాచార దినోత్సవ సందేశంలో పోపు 16వ బెనెడిక్ట్, హింసను కీర్తించే, లైంగికతను చులకన చేసే గేములను తీవ్రంగా నిందించారు. ఆ నింద అటువంటి గేములకే పరిమితం. మొత్తం గేములకు వర్తించే మాట అక్కడ లేదు. అదే ఏడాది జూన్‌లో సోనీ గేము ‘రెసిస్టెన్స్: ఫాల్ ఆఫ్ మ్యాన్’లో మాంచెస్టర్ కథీడ్రల్ లోపల కాల్పులు చూపినందుకు చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ అభ్యంతరం తెలిపింది, సోనీ క్షమాపణ చెప్పింది. తుపాకి నేరాలతో సతమతమవుతున్న నగరంలో, ప్రార్థనాస్థలాన్ని అలా వాడుకోవడమే అక్కడి ఫిర్యాదు. అక్వినాస్ చెప్పిన చోటు షరతు ఇక్కడ గుర్తుకు వస్తుంది.

2025 సెప్టెంబరు 7న పునీతుడిగా ప్రకటితుడైన కార్లో అక్యూటిస్ (1991–2006) ఉదాహరణ మరో కోణం. అతను ప్లేస్టేషన్ ఆడేవాడనీ, వారానికి గంటే అని తనకు తానే హద్దు పెట్టుకున్నాడనీ జీవితకథనాలు చెబుతాయి. ఇది ప్రధానంగా కుటుంబ సాక్ష్యం; గంట లెక్కను అక్షరాలా పట్టుకోనక్కర లేదు. ఆట అతని పవిత్రతకు అడ్డంకిగా ఎవరూ ఎంచలేదన్నదే ఇక్కడ ముఖ్యం.

8. కాలం, డబ్బు

ఈ రెండింటి విషయంలో ఆధారాలు ఎక్కువ స్పష్టంగా ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో గేమింగ్ రుగ్మతను చేర్చింది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికన్నా ఆటే ముందు కావడం, నష్టం కనబడుతున్నా ఆపలేకపోవడం దాని లక్షణాలు. సాధారణంగా ఇవి 12 నెలలపాటు కనబడాలి. ఈ వర్గీకరణపై కొందరు పరిశోధకులు విభేదించారు. పౌలు చెప్పిన బానిసత్వ పరీక్షకు ఇది ఎంత దగ్గరగా ఉందో మాత్రం గమనించాలి.

డబ్బు సంగతికి వస్తే, తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్ట సవరణలతో ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో చేసిన కేంద్ర చట్టం ఆన్‌లైన్ డబ్బు గేములన్నింటినీ నిషేధించింది. ఎల్విరా సభ ఎత్తిన ప్రశ్నే పదిహేడు శతాబ్దాల తర్వాత చట్టసభల్లో మళ్లీ చర్చకు వచ్చిందనవచ్చు.

9. తేలినది

(1) వీడియో గేము ఆడడం స్వతహాగా పాపమని చెప్పడానికి లేఖనంలో గానీ, పరిశీలించిన సంప్రదాయంలో గానీ తగిన ఆధారం కనబడలేదు.

(2) సంప్రదాయం ఖండించినది ఎక్కువగా ఆటతో పాటు వచ్చే పందెం, క్రూరత్వంలో ఆనందం, బాధ్యతల విస్మరణ. ఇవి ఉన్న గేముకు ఆ ఖండన వర్తిస్తుంది.

(3) హింసాత్మక గేముల ప్రభావంపై ఆధారం భిన్నంగా ఉంది గనుక భయపెట్టే బోధ తగదు. వయసు చూసి గేమును ఎంచుకోవడం తగును.

(4) విల్లు కథ యోహానుది కాకపోయినా అది నేర్పే పరీక్ష నిలుస్తుంది. రోజూ రాకపోతే బహుమతి పోతుందని పిలిచే గేము, స్థానం పడిపోతుందని నిద్ర లేపే గేము నారిని సడలించడం లేదు, మరింత బిగిస్తోంది. అది పేరుకే ఆటవిడుపు.

అందువల్ల పిల్లవాణ్ణి ఏ గేము ఆడావని అడగడంతో ఆగక, ఆట ముగించి లేచాక చదువుకు, ప్రార్థనకు, ఇంటివారితో మాటకు మనసు తిరిగి వచ్చిందా అని కూడా అడగాలి. పై ఆధారాలన్నీ కలిసి సమర్థించగల ప్రశ్న బహుశా ఇదే. అడిగే పెద్దలు దీన్ని తమ చేతిలోని ఫోనుకూ వర్తింపజేసుకుంటే, పిల్లలు ఆ ప్రశ్నను నమ్ముతారు.