గుమ్మం బయట ఎవరు?

మా ఇంట్లో టీవీకి రెండు పనులు. ఒకటి సీరియళ్ళు, రెండోది గేటు. యాడ్స్ రాగానే అమ్మ రిమోట్‌లో సోర్స్ బటన్ నొక్కి హెచ్‌డీఎంఐ 2కి వెళ్తుంది. తెర నాలుగు గళ్ళయిపోతుంది: గేటు, వాకిలి, పెరడు, మేడమెట్లు. పాలబ్బాయి వచ్చాడా, పక్కింటి మేక మళ్ళీ మందారం కొరుకుతోందా అని ఒకసారి చూసుకుని, సీరియల్‌కి తిరిగొస్తుంది. నాన్న పోయాక నేనే పెట్టించాను ఆ కెమెరాలు. అమ్మ ఒక్కతే ఉంటుంది కదా, ధైర్యంగా ఉంటుందని.

ఒంటరిగా ఉన్న ఆడమనిషి, గుమ్మం బయట ఎవరో తెలియని భయం, ఇంట్లో ఒక టీవీ. ఈ మూడింటి కథ మా ఇంటికంటే చాలా పాతది.

కెమెరా చూసింది తీగ వెంట ఒక్క తెరకే పంపడం, అంటే క్లోజ్డ్ సర్క్యూట్ టెలివిజన్, ఇళ్ళ కోసం పుట్టింది కాదు. 1942లో జర్మనీలోని పీనెముండెలో వీ-2 రాకెట్లు ఎగరేస్తున్నప్పుడు, ఇంజినీర్లు దూరంగా క్షేమంగా కూర్చుని చూడడానికి వాల్టర్ బ్రూఖ్ అలాంటి ఏర్పాటు చేశాడు. అది యుద్ధం పని. ఆ ఆలోచనని ఇంటి తలుపు దగ్గరికి తెచ్చింది మాత్రం ఒక నర్సు.

ఆవిడ పేరు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్. నల్లజాతి స్త్రీ. న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో, జమైకా అనే పేటలో కాపురం. భర్త ఆల్బర్ట్ ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్. ఇద్దరివీ వేళాపాళా లేని ఉద్యోగాలు. చాలా రాత్రులు ఆవిడ ఇంట్లో ఒక్కతే ఉండాల్సొచ్చేది. పేటలో నేరాలు ఎక్కువ, పిలిస్తే పోలీసులు వచ్చేసరికి ఆలస్యం. అర్ధరాత్రి ఎవరైనా తలుపు తడితే, ఎవరో చూడాలంటే తలుపు దగ్గరికే వెళ్ళాలి. ఆ నాలుగడుగులు వెయ్యడమే భయం.

అందుకని మొగుడూ పెళ్ళాం కూర్చుని ఒక యంత్రం ఆలోచించారు. తలుపుకి వేరువేరు ఎత్తుల్లో నాలుగు కన్నాలు. పొడుగు మనిషికి పైది, చిన్నపిల్లలకి కిందది. లోపలివైపు మోటారు మీద పైకీ కిందకీ జరిగే కెమెరా. అది చూసిన బొమ్మ పడగ్గదిలో ఉన్న టీవీ తెరకి వస్తుంది. మంచం మీంచి లేవకుండానే బయటి మనిషితో మాట్లాడొచ్చు. తెలిసినవాళ్ళయితే అక్కణ్ణించే తలుపు గడియ తియ్యొచ్చు. అనుమానం వస్తే మరో బటన్ నొక్కి సాయం కోసం అలారం మోగించొచ్చు. 1966 ఆగస్టు 1న దరఖాస్తు పెట్టుకుంటే, 1969 డిసెంబర్ 2న పేటెంట్ వచ్చింది. నంబరు 3,482,037. అందులో మొదటి పేరు ఆవిడదే.

అప్పట్లో అది ఇంటింటికీ చేరే సరుకు కాలేదు. ఆనాటి కెమెరాలో ఉండేది గాజు ట్యూబు; పెద్దది, ఖరీదైనది. తమాషా ఏంటంటే, అదే 1969లో బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బోయల్, జార్జ్ స్మిత్ అనే ఇద్దరు సీసీడీ అనే చిప్‌కి రూపం ఇచ్చారు. వెలుగుని పట్టుకుని విద్యుత్తుగా మార్చే ఆ చిప్‌కి 2009లో నోబెల్ వచ్చింది. ట్యూబు పోయి చిప్ వచ్చాక కెమెరా చిన్నదైంది, చవకైంది, చివరికి మా మందారం చెట్టు పైకొచ్చి కూర్చుంది.

మన దగ్గర కెమెరాలు ఇంటికంటే ముందు వీధినీ దుకాణాన్నీ పట్టుకున్నాయి. జనం ఎక్కువగా వచ్చిపోయే చోట్ల సీసీ కెమెరాలు పెట్టాలని 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టమే వచ్చింది. హైదరాబాద్ పోలీసులు కాలనీవాళ్ళ చేతే కెమెరాలు పెట్టించే పథకానికి 'నేను సైతం' అని పేరు పెట్టారు. శ్రీశ్రీని చదువుకున్నవాళ్ళకి ఆ పేరు వింటే కొంచెం నవ్వూ, కొంచెం ఇబ్బందీ.

మేరీ బ్రౌన్ యంత్రంలో నన్ను ఆపేసేది దాని దిక్కు. కెమెరా బయటికి చూస్తుంది. తెర లోపలి మనిషి ముందుంటుంది. చూడాలా వద్దా, తలుపు తియ్యాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టం. మా ఇంట్లో మొదట్లో ఉన్నదీ అదే. నాలుగు కెమెరాల తీగలు టీవీ కింది డీవీఆర్ పెట్టెలోకి, అక్కణ్ణించి ఒక్క తీగ టీవీలోకి. ఇంటర్నెట్ లేకపోయినా బొమ్మ వస్తుంది. చూసేది అమ్మ ఒక్కతే.

తర్వాత నేనే ఆ పెట్టెకి ఇంటర్నెట్ తగిలించి, నా ఫోన్‌లో యాప్ వేసుకున్నాను.

ఒక డిసెంబర్ రాత్రి హైదరాబాద్‌లో ఆఫీసు క్యాబ్‌లో వస్తూ యాప్ తెరిచాను. అమ్మ వాకిట్లో నాన్న కుర్చీలో కూర్చుని ఉంది. పదకొండు దాటింది. వెంటనే ఫోన్ చేశాను.

"అమ్మా, ఈ చలిలో బయటెందుకు కూర్చున్నావ్?"

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "చూస్తున్నావా నాన్నా?" అంది. కోపం లేదు గొంతులో. లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ కుర్చీ వాకిట్లో కనపడలేదు. కెమెరాకి అందని గోడ వారకి జరిగిందని పండక్కి ఇంటికెళ్ళాకే తెలిసింది.

2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పినప్పుడు ఫ్రెండ్స్‌తో గంటలు గంటలు వాదించాను, ప్రభుత్వం మన ఇళ్ళల్లోకి చూడకూడదని. మా అమ్మ ఇంట్లోకి చూస్తున్నది ప్రభుత్వం కాదు, నేను. ప్రేమతోనే చూశాను, నిజమే. కానీ పడగ్గదిలో కూర్చున్న ఆవిడ చేతిలో ఉండాల్సిన బటన్ నా చేతిలోకి వచ్చేసింది. భర్త పోయిన మనిషి రాత్రిపూట ఆయన కుర్చీలో ఎవరికీ కనపడకుండా కూర్చోవాలనుకుంటుందని నాకు తట్టనే లేదు.

ఆ పండక్కి నిచ్చెన వేసుకుని వాకిలి కెమెరాని వీధివైపు తిప్పాను. యాప్ తీసేశాను. టీవీలో నాలుగు గళ్ళూ అలాగే ఉన్నాయి, యాడ్స్ వస్తే అమ్మ ఇప్పటికీ గేటు చూసుకుంటుంది. కుర్చీ పాత చోటికి తెచ్చిపెట్టాను. అమ్మ రాత్రుళ్ళు అందులో కూర్చుంటోందో లేదో నాకు తెలీదు. తెలుసుకోవాలంటే ఫోన్ చేసి అడగాలి.