టెరెజీన్ బాలల బొమ్మలు

ప్రాగ్ నగరమునకు ఉత్తరమున సుమారు 60 కిలోమీటర్ల దూరమున టెరెజీన్ అను కోట ఊరొకటి కలదు. 18వ శతాబ్దమున చక్రవర్తి రెండవ జోసెఫ్ దానిని కట్టించి, తన తల్లి మరియా థెరీసా పేరు దానికి పెట్టెను. సైనికులతో కూడ ఏడువేలమంది మసలిన ఆ ఊరిని 1941 నవంబరులో నాజీలు యూదుల నిర్బంధస్థలముగా మార్చిరి. 1942 సెప్టెంబరు నాటికి అందు ఏబదివేలకు పైబడి జనము క్రిక్కిరిసి యుండిరి. ఆకలి, పేలు, అంటురోగములు. వీనికి తోడు తూర్పునకు పోవు రైలుబండిలో తమ పేరు ఎన్నడు పడునో యను భయము. యుద్ధము ముగియులోపల అచ్చటికి తేబడిన సుమారు 1,40,000 మందిలో 33,000 మంది అచ్చటనే మరణించిరి. దాదాపు 88,000 మందిని ఆష్విట్జ్ మొదలగు మరణశిబిరములకు పంపివేసిరి.

మనస్సునకు తగిలిన గాయమును బొమ్మలు గీయించి మాన్పవచ్చునను శాస్త్రమునకు ఇట్టి తావున ఒక మూలము దొరకుట వింతయే. ఆ శాస్త్రచరిత్రను సాధారణముగా ఏడ్రియన్ హిల్ అను ఆంగ్ల చిత్రకారునితో ఆరంభింతురు. 1938లో క్షయవ్యాధిగ్రస్తుడై శానిటోరియములో పడియున్న ఆయన, బొమ్మలు గీసికొని ఊరట చెంది, తోటి రోగులచేతను గీయించెను. 1942లో ఆ పద్ధతికి ‘ఆర్ట్ థెరపీ’ యని పేరిడెను. ఆ సంవత్సరమే డిసెంబరు 17వ తేదీన టెరెజీనుకు తేబడిన ఒక స్త్రీ, ఏ పేరును పెట్టకయే, అదే పనిని మరింత ఘోరమైన స్థితిలో చేయ మొదలిడెను. ఆమె ఫ్రీడల్ డిక్కర్-బ్రాండైస్.

ఈమె 1898లో వియన్నాలో జన్మించెను. పసితనముననే తల్లి గతించెను. తండ్రి కాగితములు, పెన్సిళ్లు అమ్ము దుకాణములో ఉద్యోగి. యోహానెస్ ఇట్టెన్ వద్ద చిత్రకళ అభ్యసించి, 1919లో ఆ గురువు వెంట వైమార్ నగరములోని బౌహౌస్ విద్యాలయమునకు పోయెను. రేఖ గీయుటకు ముందు ఊపిరిని, చేతి కదలికను, శరీరపు లయను సరిచేసికొనవలెనని ఇట్టెన్ బోధించెడివాడు. కళాశాలలో విలాసమువలె కనబడిన ఆ పాఠము ఇరువదేండ్లకు పైబడిన పిమ్మట నిర్బంధశిబిరములో అక్కరకు వచ్చినది. 1934లో కమ్యూనిస్టు కార్యక్రమములకై ఆమెను వియన్నాలో ఖైదు చేసిరి. విడుదలయైన పిదప ప్రాగ్ చేరి, తాను మనోవిశ్లేషణ చేయించుకొనుచు, శరణార్థుల పిల్లలకు బొమ్మలు నేర్పుచుండెను. అప్పుడామెకు తోడ్పడిన శిష్యురాలు ఈడిత్ క్రామర్. ఈ పేరును శ్రోతలు గుర్తుంచుకొందురు గాక. 1936లో పావెల్ బ్రాండైస్‌ను పెండ్లాడెను. పాలస్తీనా పోవుటకు అనుమతిపత్రము చేతికందియు, భర్తను విడిచి పోనొల్లక ఆగిపోయెను.

శిబిరమునకు పోవువారు వెంట 50 కిలోగ్రాముల సామాను తీసికొనవచ్చును. ఫ్రీడల్ బట్టలకన్న రంగులు, కాగితములు ఎక్కువగా మూటగట్టెను. అవి ఎంతకాలము వచ్చును? తరువాత కచేరీల పాతఫారములు, వాడిన లెక్కల కాగితముల వెనుకవైపులు పిల్లల పాలయ్యెను. బడి చదువు చెప్పుట నిషిద్ధము. బొమ్మలు, పాటలు మాత్రము అధికారులు చూచి చూడనట్లు విడిచిపెట్టిరి. మూడంతస్తుల పడకబల్లలపై ఇరుకుగా పరుండు బాలికల గృహములో ఆమెయు ఉండి, అక్కడను తక్కిన బాలల గృహములందును పాఠములు చెప్పెడిది.

ఆ పాఠమెట్టిది? ముందు లయ. ఆమె చేతితో తాళము వేయగా పిల్లలు దాని ననుసరించి కాగితముపై చుట్లు, వంపులు గీసెడివారు. బిగిసిన వ్రేళ్లు సడలెడివి. పిమ్మట ఏదో కథ చెప్పి, అందు వచ్చిన వస్తువులను గీయుమనెడిది. గిన్నెయో, పూలకుండయో ఎదుట నుంచెడిది. మహాచిత్రకారుల పటములను చూపి, చింపిన రంగుకాగితముల నంటించి వానిని మరల కూర్పించెడిది. ఎవరి బొమ్మను తాను దిద్దెడిది కాదు. ‘నీవు చూచిన ఘోరమును గీయు’మని ఎవరిని బలవంతపెట్టలేదు. ప్రతి బొమ్మపై పేరు వ్రాయుమని మాత్రము కోరెడిది. రైలుబండి సంఖ్యలతో మనుష్యులను గుర్తించు చోట ఈ నియమము చిన్నది కాదు.

1943లో ఆమె శిబిరముననే పిల్లల చిత్రముల ప్రదర్శన నొకటి జరిపి, బాలల చిత్రలేఖనమును గూర్చి ఉపన్యసించెను. పిల్లలందరిని చిత్రకారులను చేయుట తన ఉద్దేశము కాదనియు, వారిలోని సృజనశక్తిని విడిపించి నిలుపుటయే తన పనియనియు ఆమె అభిప్రాయము.

బొమ్మలలో ఏమున్నవి? ఇంటి దీపము, భోజనపుబల్ల, తోటలు, సీతాకోకచిలుకలు, పడవలు. పడకబల్లలు, అన్నపు వరుసలు, శవయాత్రలు, ఉరితీత కూడ ఉన్నవి, కాని తక్కువ.

ఇట పాఠకుల కొక సందేహము కలుగును. ఈ పిల్లలలో అత్యధికులు చంపబడిరి గదా, ఇందు స్వస్థత ఎక్కడిది? ప్రశ్న న్యాయమైనదే. బొమ్మ ఎవరి ప్రాణమును కాపాడలేదు. కాపాడినదని చెప్పువారు భావావేశముచే చెప్పుదురు. కాని రేపు చనిపోవు బిడ్డకు నేడు ఊరట వ్యర్థమని మనలో ఏ తల్లియు అనదు. వార్సాలో 1942 జులైలో యానుష్ కోర్చాక్ తన అనాథబాలలచేత మన రవీంద్రుని ‘డాక్ ఘర్’ నాటకము ఆడించెను. మూడు వారములు తిరుగకమునుపే ఆయనను, ఆ పిల్లలను ట్రెబ్లింకాకు గొనిపోయిరి. ఆ నాటకమును వృథాయనువాడు వైద్యమును ఫలితముల పట్టికగా మాత్రమే ఎరిగినవాడు.

1944 సెప్టెంబరు 28న పావెల్‌ను ఆష్విట్జ్‌కు పంపిరి. ఫ్రీడల్ తనంతట తాను తరువాతి బండిలో పేరు వ్రాయించుకొని అక్టోబరు 6న బయలుదేరెను; 9వ తేదీన బిర్కెనౌలో ఆమెను చంపిరి. పావెల్ బ్రతికి బయటపడెను. పిల్లల బొమ్మలు రెండు పెట్టెలలో దాచబడి, 1945లో ప్రాగ్‌లోని యూదుసంఘమునకు చేరెను. దాదాపు నాలుగువేల అయిదువందల చిత్రములవి. నేడు అవి ప్రాగ్ యూదు ప్రదర్శనశాలలో భద్రముగా ఉన్నవి.

ఈడిత్ క్రామర్ 1938లోనే న్యూయార్కునకు వలసపోయి యుండెను. 1950 నుండి అచ్చటి విల్ట్‌విక్ బాలుర పాఠశాలలో, దెబ్బతిన్న మనస్సులుగల పేదపిల్లలచేత బొమ్మలు గీయించి, ఆ అనుభవముపై 1958లో గ్రంథము ప్రకటించెను. అమెరికాలో కళాచికిత్సకు పునాది వేసినవారిలో ఈమె యొకతె. 2014 వరకు జీవించెను. మనోఘాతమును ప్రత్యేకవ్యాధిగా అమెరికా మానసిక వైద్యులు తమ పట్టికలో చేర్చినది 1980లో మాత్రమే. గాయపడినవానికి ముందు నిర్భయమైన చోటు కావలెననియు, ఏమి చెప్పవలెనో ఎప్పుడు చెప్పవలెనో వానికే విడువవలెననియు, మాట రానప్పుడు రంగు, రేఖ దానికి దారి తీయవచ్చుననియు నేటి వైద్యులు చెప్పుదురు. చిత్రమును చూచి వెంటనే అర్థము చెప్పబూనుటను వారు దోషముగా నెంతురు. ఫ్రీడల్ పాఠములలో ఇవి పేర్లు లేకయే ఉండెను.

టెరెజీనులో ఆమెవద్ద బొమ్మలు గీసి బ్రతికి బయటపడినవారిలో ఎర్నా ఫర్మన్ ఒకతె. అమెరికాలోని క్లీవ్‌లాండులో ఈమె పిల్లల మనోవైద్యమునకు జీవితమును వినియోగించెను. తల్లినో తండ్రినో పోగొట్టుకొన్న పసివారి దుఃఖమును గూర్చి 1974లో ఈమె ప్రకటించిన గ్రంథము ఆ రంగములో పేరెన్నిక గన్నది.