గాలికొండ రాయి, అంగుల్ పొగ

అరకు వెళ్ళి వచ్చిన మనలో ఎవరైనా కాఫీ తోటల గురించీ, రైలు సొరంగాల గురించీ పులకించి వ్రాస్తారు. గాలికొండ నెత్తిన ఉన్న ఎర్రరాయి గురించి వ్రాసినవారు తక్కువ. ఆ రాయి బాక్సైటు. అల్యూమినియం పుట్టేది దానినుండే.

రాయి లోహంగా మారేలోపు రెండుచోట్ల విషం దింపుతుంది. మొదటిది శుద్ధి కర్మాగారం. అక్కడ రాతిపొడిని కాస్టిక్ సోడాతో ఉడికించి అల్యూమినాను వేరుచేస్తారు. మిగిలిన ఎర్రబురదలో క్షారం నిలిచిపోతుంది. హంగేరీలోని అయ్కా వద్ద 2010 అక్టోబరు 4న అటువంటి బురద చెరువు కట్ట తెగి పదిమంది మరణించారు. ఒళ్ళు కాలినవారు ఎందరో.

రెండవది స్మెల్టర్. అల్యూమినాను కరిగిన క్రయొలైట్‌లో కలిపి విద్యుత్తు పంపడం 1886లో హాల్, ఎరూ వేర్వేరుగా కనుగొన్న పద్ధతి, నేటికీ అదే. ఆ కుండలనుండి వెలువడే ఫ్లోరైడును అదుపు చేయకపోతే అది చుట్టుపక్కల గడ్డిమీద వాలుతుంది. మనిషికన్నా ముందు పశువే సాక్ష్యం చెబుతుంది: పళ్ళు మచ్చలుపడి అరిగిపోతాయి, కాళ్ళు బిగుసుకుపోయి కుంటుతుంది.

తూర్పుకనుమలలో ఈ కథంతా ముందుగా జరిగినది మన పొరుగున, ఒడిశాలో. 1981లో నాల్కో ఏర్పడింది. కొరాపుట్ జిల్లా పంచపట్మాలి కొండపై తవ్వకం, దామన్‌జోడిలో శుద్ధి, వందల కిలోమీటర్ల ఆవల బొగ్గు దొరికే అంగుల్‌లో స్మెల్టర్. అంగుల్ పరిసర గ్రామాల పశువులలో ఫ్లోరోసిస్‌ను పశువైద్య పరిశోధకులు నమోదు చేశారు. కొండ పోగొట్టుకున్నవారు ఒకరు, పొగ పీల్చినవారు మరొకరు. ఒకరి గోడు ఒకరికి వినబడనంత దూరం. మన వంటింటి గిన్నెకు ఆ ఇద్దరూ తెలియరు.

మరి అరకు ఎలా మిగిలింది? బొర్రా పరిసరాలలో గిరిజనుల భూములను గనులకు లీజుకివ్వడంపై సమత అనే సంస్థ న్యాయస్థానానికి వెళ్ళింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి లీజుకివ్వడం ప్రభుత్వానికి కూడా చెల్లదన్నది. భూబదలాయింపు చట్టంలో ‘వ్యక్తి’ అన్న మాటకు ప్రభుత్వమూ లోబడుతుందన్నదే ఆ తీర్పుకు ప్రాణం. ఒక్క మాటకు అర్థం చెప్పడంతో కొండలు నిలిచాయంటే, భాషాభిమానినైన నాకు కొంత గర్వమే.

ప్రభుత్వం ఊరుకోలేదు. 2005లో జిందాల్ సంస్థతో ఒప్పందం కుదిరింది: తవ్వేది ప్రభుత్వ సంస్థ, రాయి మాత్రం శృంగవరపుకోట వద్ద కట్టబోయే శుద్ధి కర్మాగారానికి. తీర్పు అక్షరం చెడదు, కొండ మాత్రం కరుగుతుంది! గడుసుతనమే. అయితే గోస్తని పుట్టేది ఈ అనంతగిరి కొండలలోనే. ఆ నీరు తాటిపూడి జలాశయం మీదుగా విశాఖ కుళాయిలకు చేరుతుంది. నగరవాసులలో చాలామంది మాత్రం దీనిని గిరిజనుల తగాదాగానే చూశారు.

2015లో చింతపల్లివైపు జెర్రెల అడవిలో తవ్వకానికి ఉత్తర్వు వెలువడింది. మన్యమంతా అట్టుడికింది. ప్రభుత్వం దానిని పక్కనపెట్టింది. 2019లో కొత్త ప్రభుత్వం రద్దుచేసింది. ఆ రాయినే నమ్ముకుని మాకవరపాలెం వద్ద కట్టిన అన్‌రాక్ శుద్ధి కర్మాగారానికి కొండనుండి ఒక్క బండెడు బాక్సైటు కూడా దిగలేదు.