పేస్ట్: ఫార్మాటింగ్‌తో, ఫార్మాటింగ్ లేకుండా

వర్డ్ ప్రాసెసర్‌లో కాపీ చేసిన పాఠ్యాన్ని మరోచోట చేర్చే రెండు పద్ధతులివి. మామూలు పేస్ట్‌లో అక్షరాల వెంట ఫాంటు, సైజు, రంగు, లింకులు కూడా వస్తాయి. రెండోదానిలో ఉత్త అక్షరాలే వచ్చి, చేరినచోటి రూపాన్ని తొడుక్కుంటాయి. బోల్డు, ఇటాలిక్కులూ పోతాయి. కాపీ చేసిన పాఠ్యం క్లిప్‌బోర్డులో హెచ్‌టీఎంఎల్, ఆర్‌టీఎఫ్, సాదా పాఠ్యం వంటి పలు రూపాల్లో ఉంటుంది గనుక ఇలా రెండు విధాలా పేస్ట్ చేయడం సాధ్యం. గూగుల్ డాక్స్‌లోనూ, కొత్త మైక్రోసాఫ్ట్ వర్డ్‌లోనూ కంట్రోల్, షిఫ్ట్, వి కలిపి నొక్కితే సాదాగా పడుతుంది. లిబ్రే ఆఫీస్‌లో ఆల్ట్ కూడా కలపాలి.

తెలుగువారికి అసలు చిక్కు పాత డీటీపీ ఫాంట్లతో. అను వంటి వాటిలో తెలుగు అక్షరాలకు సొంత కోడ్ లేదు. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చారు. సాదాగా పేస్ట్ చేస్తే ఫాంటు ఊడి, పెళ్లి శుభలేఖ కాస్తా పిచ్చిగీతల కుప్పవుతుంది. కంగారుపడనక్కర్లేదు, పాఠ్యం ఎక్కడికీ పోలేదు: అదే ఫాంటు మళ్లీ వేస్తే లేచి కూర్చుంటుంది. యూనికోడ్‌లో తెలుగుకు 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు సొంత స్థానాలున్నాయి; ఎలా పేస్ట్ చేసినా తెలుగు తెలుగుగానే ఉంటుంది. అను పాఠ్యాన్ని మాత్రం ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకుని, ఆ తర్వాతే సాదాగా పేస్ట్ చేయాలి.