కారుకు ఇన్సూరెన్స్ లేకుంటే జరిమానా ఎంత? ప్రమాదం జరిగితే భారం ఎవరిది?

పత్తి, మిర్చి సీజన్ వచ్చిందంటే కాశిబుగ్గ నుంచి ఏనుమాముల మార్కెట్ వైపు ఆటోలు, ట్రాలీలు, కార్లు, బైకులు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతుంటాయి. వీటిలో ఏది రోడ్డెక్కాలన్నా కనీసం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాల్సిందే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ చెప్పేది ఇదే. థర్డ్ పార్టీ అంటే మన బండి వల్ల దెబ్బతిన్న ఎదుటివారు. మన కారు రిపేరు ఖర్చు ఇందులో రాదు, దానికి వేరే పాలసీ తీసుకోవాలి.

2019 సవరణ తర్వాత 196వ సెక్షన్ ప్రకారం, ఇన్సూరెన్స్ లేని బండి నడిపితే మొదటిసారి రూ.2,000 జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే జరిమానా రూ.4,000. నడిపినవారికే కాదు, తెలిసీ బండి ఇచ్చిన యజమానికీ ఇదే శిక్ష.

జరిమానా ఎలాగోలా కట్టేయొచ్చు. ప్రమాదంలో మనిషి పోతే మాత్రం లెక్క వేరు. చనిపోయినవారి వయసు, సంపాదన, వారి మీద ఆధారపడ్డవాళ్లను చూసి ట్రిబ్యునల్ పరిహారం తేలుస్తుంది. అది లక్షల్లో ఉంటుంది, ప్రాణనష్టానికి గరిష్ట పరిమితి లేదు. పాలసీ ఉంటే కంపెనీ కడుతుంది. లేకుంటే యజమాని సొంతంగా కట్టుకోవాలి. కట్టకపోతే కలెక్టర్ ద్వారా భూమిశిస్తు బకాయిలాగే వసూలు చేస్తారు. బీమా లేని బండి ప్రమాదం చేస్తే తగిన పూచీకత్తు ఇచ్చేదాకా వదలొద్దని, మూడు నెలల్లో ఇవ్వకుంటే వేలం వేసేలా నిబంధనలు తేవాలని 2018లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది.

ఇక్కడ మన ఇళ్లలో చిక్కొకటి ఉంది. కారు గల్ఫ్‌లో ఉన్న భాయ్‌జాన్ పేరు మీద ఉంటుంది, ఇక్కడ తమ్ముడు నడుపుతుంటాడు. రెన్యువల్ తేదీ ఇద్దరికీ గుర్తుండదు. కేసు అయితే నోటీసు ఇద్దరికీ వస్తుంది. అమ్మేసిన బండిదీ ఇదే కథ. ఫారాల మీద సంతకాలు పెట్టి తాళాలు ఇచ్చేస్తే పని అయిపోయిందనుకుంటారు. ఆర్‌సీలో ఎవరి పేరుంటే వారే యజమాని అని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో తేల్చింది. పేరు మారేదాకా అమ్మినవారికి బాధ్యత తప్పదు. కొన్నవారు పాలసీని తమ పేరుకు మార్చమని 14 రోజుల్లో కంపెనీకి రాయాలి.

ఇన్సూరెన్స్ జాయిజేనా అని అడిగేవాళ్లూ ఉన్నారు. చట్టం తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ మాత్రమే. అంతకు మించి తీసుకోవాలా వద్దా అన్నది మీరు నమ్మే ఉలమాను అడిగి తేల్చుకోవచ్చు. థర్డ్ పార్టీ కూడా మానేస్తామంటే మాత్రం చట్టం ఒప్పుకోదు.

ఖర్చు మరీ ఎక్కువేం కాదు. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం 1,000 సీసీ దాకా ఉన్న సొంత కారుకు ఏడాదికి రూ.2,094, 1,500 సీసీ దాకా రూ.3,416, పన్నులు అదనం. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారుకు మూడేళ్ల, కొత్త బైకుకు ఐదేళ్ల థర్డ్ పార్టీ కొనేటప్పుడే కట్టించుకుంటున్నారు. చాలామంది మర్చిపోయేది ఆ గడువు ముగిశాకే. ప్రమాదం జరిగాక రెన్యువల్ చేస్తే అది ఆ ప్రమాదానికి వర్తించదు, పాలసీ దాని మీద రాసిన తేదీ, టైం నుంచే మొదలవుతుంది.

కాగితం ఇంట్లో ఉందని చెక్‌పోస్టు దగ్గర వాదించక్కర్లేదు. ఎంపరివాహన్‌లో గానీ డిజిలాకర్‌లో గానీ ఉన్న పత్రం చూపిస్తే చెల్లుతుంది. బండి నంబరు కొడితే పాలసీ ఏ తేదీ దాకా ఉందో కూడా ఎంపరివాహన్‌లో కనిపిస్తుంది.